వృక్షవైద్యుడు - అతని పని, అతని నియమములు

విద్యార్థులారా! మనుష్యునకు రోగము వచ్చినచో వైద్యుని పిలుతుము. పశువునకు వచ్చినచో పశువైద్యుని వెదకుదుము. చెట్టునకు వచ్చినపుడు మాత్రము గొడ్డలి చేతబట్టినవానిని పిలుచుచున్నాము. చెట్టునకును వైద్యుడు కలడు. అతని పని యెట్టిదో, అందలి మంచి చెడ్డలెట్టివో మీకు తెలుపుటకై ఈ పాఠమును వ్రాయుచున్నాము.

వృక్షవైద్యమను మాట మనకు క్రొత్తది కాదు. సురపాలుడను పండితుడు సంస్కృతమున "వృక్షాయుర్వేదము" అను గ్రంథమును రచించెను. అది 1996లో ఆంగ్లానువాదముతో సికింద్రాబాదు నుండి వెలువడినది. నేటి వృక్షవైద్యుడు త్రాళ్ల సాయముతో చెట్టెక్కి, ఎండినవియు, విరిగినవియు, అపాయకరములునగు కొమ్మలను తొలగించును, వ్యాధిని గుర్తించును, చెట్టును నిలుపవచ్చునా, తీసివేయవలసినదేనా అని నిర్ణయించును. ఈ మూడింటిలో చివరిదే కష్టతరము.

చెట్టు శరీరము

వైద్యునకు ముందుగా శరీరజ్ఞానము వలయును. చెట్టు అవయవములకు మన భాషలో చక్కని పేర్లు కలవు. నిలువుగా పెరిగిన భాగము మాను. దాని నుండి చీలినది కొమ్మ. కొమ్మ నుండి చీలినది రెమ్మ. రెండు కొమ్మలు విడివడు చోటు పంగ. పైని పొర బెరడు. లోపల ముదిరి గట్టిపడిన కలప చేవ. పుచ్చి బోలైన చోటు తొర్ర. కొమ్మలు పోయి నిలిచినది మోడు. బజారులో వేరొక భాష వినుచు పెరుగు మన పిల్లలు ఈ మాటలను మరువరాదు. పేరు తెలిసిన అవయవమునే కన్ను గుర్తించును.

చెట్టు ప్రాణమంతయు బెరడు క్రింది పలుచని పొరలలోను, దానికి చేరువనున్న లేత కలపలోను ఉండును. నడుమనున్న చేవ బరువు మోయును గాని పెరుగదు. కావుననే నడుమ తొర్రపడిన చింతచెట్టు కూడ ఏటేట చిగిర్చి కాయలు కాయుచుండును. తొర్ర కనబడగానే చెట్టు చచ్చినదని తలచుట పొరపాటు.

చెట్టు గాయము మానదు

ఈ పాఠమునకు ప్రాణమువంటి విషయ మిది. మన చేయి తెగినచో చెడిన మాంసము స్థానమున క్రొత్తది పుట్టి గాయము మానును. చెట్టునకు ఆ శక్తి లేదు. తెగిన కలప తెగియే యుండును. చెట్టు చేయగలిగినది ఒక్కటే: గాయపడిన భాగము చుట్టును లోపల గోడలు కట్టి, కుళ్లును అక్కడనే బంధించి, వెలుపల క్రొత్త కలపను పెంచి కప్పివేయును. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో (1930-2006) అను శాస్త్రజ్ఞుడు వేలకొలది చెట్లను నిలువున కోసి పరిశీలించి ఈ సంగతిని నిరూపించెను. 1977లో అతని సిద్ధాంతము పుస్తకరూపమున వెలువడెను.

దీనివలన తేలినదేమి? ప్రతి కోతయు చెట్టు లోపల శాశ్వతముగా నిలిచిపోవును. కావున కారణము లేని కోత కోయరాదు; కోయక తప్పనిచో గోడ కట్టుకొనుటకు చెట్టునకు వీలైన చోటనే కోయవలెను.

కోత యెచ్చట?

కొమ్మ మానును కలియు చోట మెడవలె ఉబ్బిన భాగము కనబడును. అందుండియే చెట్టు గాయమును కప్పుకొనును. మెడను చెక్కివేసి మానునకు సమముగా కోసినచో గాయము పెద్దదగును, కుళ్లు మానులోనికి ప్రాకును. మూరెడు కొమ్మను మిగిల్చి కోసినచో ఆ ముక్క ఎండి, పుచ్చి, పురుగులకు ఇల్లగును. మెడను ముట్టకుండ, దానికి వెంటనే వెలుపల కోయుటయే సరియైన పద్ధతి.

బరువైన కొమ్మను ఒక్క కోతతో తీయరాదు. అది సగము తెగి వ్రాలునపుడు మాను బెరడును చీల్చుకొని పోవును. కావున మూడు కోతలు కోయుదురు. మొదటిది, మెడకు ఇంచుమించు అడుగు దూరమున క్రింది వైపు నుండి కొంతవరకు. రెండవది, అంతకు కొంచెము వెలుపల పై నుండి. దీనితో కొమ్మ పడిపోవును. మూడవది, మిగిలిన ముక్కను మెడ వెలుపల శుభ్రముగా కోయుట.

కోసిన చోట తారు పూయుట, తొర్రలో సిమెంటు నింపుట పూర్వము మంచి చికిత్సలని తలచిరి. అవి కుళ్లును ఆపవని, తేమను లోపల నిలిపి కీడు చేయవచ్చునని ఇప్పుడు తెలిసినది. చెట్టు తలను నరికి మోడు చేయుట అన్నింటికంటె చెడ్డది. ఆహారము తయారుచేయు ఆకులు పోవుటచే చెట్టు ఆకలిగొనును. ఆ తొందరలో పుట్టిన పిలకలు బలముగా అతుకుకొనవు. పెరిగి బరువెక్కిన పిదప గాలికి ఊడిపడును. అపాయము తొలగింపబోయి అపాయమును నాటినట్లగును.

దినచర్య

మంచి వృక్షవైద్యుడు ఉదయము రాగానే రంపము పట్టడు. ముందు చెట్టు చుట్టును నడచును. మొదట పుట్టగొడుగులున్నవా? నేల పగిలి వేళ్లు లేచినవా? పంగలో చీలిక యున్నదా? కొయ్యసుత్తితో తట్టిన బోలు ధ్వని వచ్చుచున్నదా? తేనెపట్టు, కందిరీగల తుట్టె, పక్షిగూడు ఉన్నవా? విద్యుత్తు తీగ ఎంత చేరువ? పచ్చి కొమ్మ గుండ విద్యుత్తు ప్రవహించును. కావున తీగ దాపున ఉన్నచో విద్యుచ్ఛాఖవారు సరఫరా నిలిపినట్లు రూఢియైన పిదపనే పని మొదలుపెట్టవలెను. తరువాత కొమ్మలు పడు చోటికి ఎవ్వరును రాకుండ తాడు కట్టుదురు.

తాడిచెట్టెక్కు గీతకార్మికునకు మోకు ప్రాణమువంటిది. వృక్షవైద్యునకు నడుము పట్టీయు, త్రాళ్లును అట్టివే. తెలంగాణ ప్రభుత్వము గీతకార్మికులకు కాటమయ్య పేరిట రక్షణ కవచములను పంచుట 2024 జూలైలో ప్రారంభించెను. చెట్టెక్కువాని ప్రాణము అదృష్టమునకు విడువదగినది కాదను భావమే దానికి మూలము. వృక్షవైద్యుడు ఎక్కుటకు ముందు ప్రతి తాడును చేతితో తడవి చూచును. తలకు శిరస్త్రాణము, కన్నులకు అద్దములు, చెవులకు మూతలు ధరించును. చెట్టుపై మోటారు రంపము వాడునపుడు రెండు చోట్ల కట్టుకొనును. ఒక తాడు తెగినను రెండవది నిలుపును. నిచ్చెనపై నిలిచి మోటారు రంపము ఎన్నడును వాడడు.

ఒంటరిగా పని చేయకుండుట మరియొక నియమము. క్రింద నున్న సహాయకుడు కేవలము కొమ్మలు ఏరువాడు కాడు. పైవానికి స్పృహ తప్పినచో ఎక్కి దింపగలిగిన నేర్పు అతనికి ఉండవలెను. పైవాడు "క్రింద జాగ్రత్త!" అని కేకవేయును. క్రిందివాడు "సరే, కోయుము!" అని బదులు పలుకనిదే రంపము కదలదు. ఒక చెట్టు వ్యాధి మరియొకదానికి అంటకుండ సాయంకాలము పనిముట్లను శుభ్రపరతురు.

తుఫాను పిదప

మన తీరమునకు తుఫానులు క్రొత్త కావు. 2013 అక్టోబరు 12న గోపాలపురము వద్ద ఫైలిన్, సరిగా ఏడాదికి 2014 అక్టోబరు 12న విశాఖపట్టణము వద్ద హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస సమీపమున తిత్లీ తీరము దాటినవి. అట్టి సమయమున త్రోవలకడ్డముగా పడిన చెట్లను తొలగింప అందరును ఉత్సాహముతో గొడ్డళ్లు పట్టుకొందురు. అప్పుడే ప్రమాదములు జరుగును. వంగి చిక్కుకొన్న కొమ్మ ఎక్కుపెట్టిన వింటివంటిది. సాగిన వైపున ఒక్కసారిగా కోసినచో అది ఎగిరి కొట్టును. తెలిసినవాడు ప్రక్కన నిలిచి, నొక్కుకొన్న వైపున కొద్దిగా కోసి, పిదప సాగిన వైపున మెల్లగా కోయును. విద్యార్థులు ఇట్టి చెట్లను సమీపింపరాదు.

కోయని చికిత్స

గొప్ప చికిత్సలలో కొన్నిట రంపమునకు పనియే లేదు. మహబూబ్‌నగర్ చేరువనున్న పిల్లలమఱ్ఱిని చెదలు తినివేయగా, 2018లో అటవీశాఖవారు రోగికి సెలైను ఎక్కించినట్లు సీసాలు కట్టి, చెదలమందును చుక్కచుక్కగా మానులోనికి ఎక్కించిరి. వాలిన కొమ్మలకు ఆధారములు నిలిపిరి. ఢిల్లీలో మానుల మొదళ్లను బిగించిన సిమెంటును ఒక్కొక్క మీటరు మేర తొలగింపుడని జాతీయ హరిత న్యాయాధికరణము 2013లో ఆదేశించెను; వేళ్లకు గాలియు నీరును కావలయును గదా!

కోయక తప్పని సందర్భమును కలదు. కలకత్తా సమీపమున శివపూరు వృక్షోద్యానమందలి మహావటము యొక్క మూలస్తంభము తెగులుచే కుళ్లగా, 1925లో దానిని తొలగించిరి. మిగిలిన చెట్టు ఊడలపై నిలిచి నేటికిని విస్తరించుచున్నది. కోయుటకును, మానుటకును కారణము తెలిసినవాడే వైద్యుడు. తెలియనివాని చేతి రంపము చెట్టునకును, అతనికిని గూడ శత్రువే.

వృక్షవైద్యుని ఓర్పు రెండు ప్రాణములను కాపాడుచున్నది: క్రింద నిలిచిన చెట్టును, పైన వ్రేలాడు మనుష్యుని. కూలి తక్కువయని తాడు లేనివానిని చెట్టెక్కించు గృహస్థుడు ఈ రెంటికిని బాధ్యుడని గుర్తుంచుకొనవలెను.

అభ్యాసము

1. మీ వీధిలోని మూడు చెట్లను నేలపై నిలిచియే పరీక్షింపుడు. పాత కోతలలో మెడకు వెలుపల కోసినవెన్ని? ముక్క మిగిలినవెన్ని?
2. మాను, పంగ, చేవ, తొర్ర, మోడు - ఈ పదములను సొంతవాక్యములలో ప్రయోగింపుడు.
3. "చెట్టు గాయము మానదు" అను వాక్యమును మీ ఇంటిలోని పెద్దలకు బోధపడునట్లు పది పంక్తులలో వివరింపుడు.