టూ స్ట్రోక్ ఇంజను కొత్త రూపంలో వస్తే ఎవరు కొంటారు?



మన నల్లగొండ, పాలమూరు పల్లెల నుంచి హాస్టలుకు వచ్చిన పిల్లలకు ఇంజను అనగానే ముందు గుర్తుకొచ్చేది టీవీఎస్ బండే. తాటివనం నుంచి కల్లు కుండలు కట్టుకొని వచ్చే గీత కార్మికుడికి, పుట్టపాక నుంచి చీరల మూటతో బయలుదేరే నేతన్నకు, దేవరకొండ, కల్వకుర్తి అంగళ్లకు కూరగాయల గంపలు చేరవేసే చిన్న బేరగాళ్లకు అదే దిక్కు. నెలకోసారి హాస్టలుకు సద్ది మూటతో వచ్చిన నాయనలు కూడా చాలామంది దాని మీదనే వచ్చారు. 1980లో టీవీఎస్ 50 పేరుతో వచ్చిన ఆ మోపెడ్ టూ స్ట్రోక్ బండి. రాజ్‌దూత్, ఎజ్డీ, యమహా ఆర్‌ఎక్స్ 100 కూడా టూ స్ట్రోక్‌లే. అయితే మోపెడ్‌ను అవసరం కోసం కొన్నారు, ఆర్‌ఎక్స్‌ను మోజుతో కొన్నారు. ఈ తేడాను మనసులో పెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

ఉద్యోగం రాగానే మొదటి జీతాలు కూడబెట్టి పాత ఆర్‌ఎక్స్ 100 కొనాలనే కోరిక ఈమధ్య మన జూనియర్లలో బాగా కనిపిస్తున్నది. "అన్నా, పొగ రాకుండా, ఆ సౌండు పోకుండా కంపెనీలు కొత్త టూ స్ట్రోక్ చేయలేవా? చేస్తే కొననోడు ఉంటడా?" అని మమ్మల్ని అడుగుతున్నారు. మంచి ప్రశ్నే. దీనికి జవాబు చెప్పాలంటే ముందు ఇంజను లోపలికి తొంగిచూడాలి.

పిస్టను ఒకసారి కిందికి, ఒకసారి పైకి కదిలితే క్రాంక్ ఒక చుట్టు తిరుగుతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో రెండు చుట్లకు ఒకసారి మంట పుడుతుంది. టూ స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకూ పుడుతుంది. ఆర్‌ఎక్స్ 100 ఇంజను 98 సీసీ. నిమిషానికి 7500 చుట్ల దగ్గర 11 హార్స్ పవర్ ఇచ్చేది. 7500ను 60తో భాగిస్తే సెకనుకు 125 చుట్లు, అంటే 125 మంటలు. అదే వేగంలో ఫోర్ స్ట్రోక్‌కు 62 లేదా 63 మాత్రమే వస్తాయి. ఆర్‌ఎక్స్ వచ్చిన 1985లోనే హీరో హోండా సీడీ 100 కూడా వచ్చింది. దాదాపు అదే సీసీ, కానీ పవర్ 7 చుట్టుపక్కల. మైలేజీ చూసుకునే పంతుళ్లు సీడీ 100 కొన్నారు, పికప్ కావాలనుకున్న కుర్రాళ్లు ఆర్‌ఎక్స్ వెంట పడ్డారు. మోజుకు మూలం ఇక్కడే ఉంది.

టూ స్ట్రోక్‌లో వాల్వులుండవు, కామ్ ఉండదు. సిలిండరు గోడకు రంధ్రాలుంటాయి. వాటిని పోర్టులంటారు. పిస్టనే వాటిని మూస్తూ తెరుస్తూ ఉంటుంది. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ముందు పిస్టను కింద ఉన్న క్రాంక్ కేసులోకి వచ్చి, అక్కడ ఒత్తిడికి లోనై, పక్క దారిలో పైకి పోతుంది. మిశ్రమం పోయే దారే అది కాబట్టి అక్కడ ఫోర్ స్ట్రోక్ లాగా ఆయిల్ నింపి ఉంచడం కుదరదు. ఆయిల్‌ను పెట్రోలుతో పాటే పంపాలి, అది కూడా కాలిపోవాలి. లీటరుకు 20 మిల్లీలీటర్ల లెక్కన కలిపితే, రోజుకు లీటరు పెట్రోలు తాగే బండి నెలకు 600 మిల్లీలీటర్ల ఆయిల్‌ను పొగ చేసి వదులుతుంది. నీలం పొగ రహస్యం ఇదే.

అంతకంటే పెద్ద నష్టం కంటికి కనిపించదు. కాలిన వాయువు బయటికి పోయే పోర్టు, కొత్త మిశ్రమం లోపలికి వచ్చే పోర్టు కాసేపు రెండూ తెరిచే ఉంటాయి. వచ్చిన మిశ్రమంలో కొంత కాలకుండానే సైలెన్సర్‌లోకి జారిపోతుంది. పాత కార్బురేటర్ ఇంజన్లలో నాలుగో వంతు అలా పోవడం వింతేమీ కాదు. నాయన వంద రూపాయల పెట్రోలు పోయిస్తే పాతిక రూపాయలది రోడ్డు మీద గాలిలో కలిసిందన్నమాట.

సందర్భం వచ్చింది కాబట్టి సైలెన్సర్ గురించి ఒక మాట. లోపలి పైపు పీకేస్తే పికప్ పెరుగుతుందని కొందరు నమ్ముతారు. టూ స్ట్రోక్ సైలెన్సర్ ఆకారం ఊరికే పెట్టింది కాదు. అది ఒత్తిడి అలను వెనక్కి కొట్టి, జారిపోతున్న మిశ్రమాన్ని కొంతవరకు తిరిగి సిలిండరులోకి నెడుతుంది. పీకేస్తే శబ్దం పెరుగుతుంది, బలం తగ్గుతుంది, పోలీసు చలానా అదనం.

మన దేశంలో ఈ ఇంజనును వెనక్కి నెట్టింది పొగ నిబంధనలే. మోటారు సైకిలు కిలోమీటరుకు వదిలే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు కలిపి 1996లో 3.6 గ్రాములకు మించకూడదన్నారు. 2000లో అది 2 గ్రాములైంది. 2010లో బీఎస్ 3తో 1 గ్రాముకు దిగింది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6లో హైడ్రోకార్బన్లకే విడిగా 0.1 గ్రాము హద్దు పెట్టారు. కాలని పెట్రోలును వదలడమే స్వభావమైన ఇంజనుకు ఇది ఎంత కష్టమో ఊహించండి. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లో ఆగింది. ఎజ్డీ చేసిన మైసూరు ఐడియల్ జావా కర్మాగారం కూడా అదే ఏడాది మూతపడింది. టీవీఎస్ వాళ్లు 2015లో ఫోర్ స్ట్రోక్ ఎక్సెల్ 100 తెచ్చారు. పందేల్లో కూడా ఇదే కథ. 500 సీసీ టూ స్ట్రోక్‌లు ఏలిన ప్రపంచ పోటీల్లోకి 2002లో పెద్ద ఫోర్ స్ట్రోక్‌లు వచ్చి వాటిని పక్కకు నెట్టాయి.

మరి పొగ లేకుండా చేయలేరా? చాలావరకు చేయగలరు, చేశారు కూడా. ఉపాయం తేలికగానే అర్థమవుతుంది. సిలిండరును కడగడానికి ఉత్త గాలిని పంపాలి. బయటికి పోయే పోర్టు మూసుకున్నాక పెట్రోలును నేరుగా సిలిండరులోకి చిమ్మాలి. అప్పుడు జారిపోయేది గాలే, పెట్రోలు కాదు. కానీ 7500 చుట్ల వేగంలో ఒక చుట్టుకు పట్టే కాలం సెకనులో వెయ్యో వంతులు 8 మాత్రమే. అందులోనూ ఒక ముక్కలో చిమ్మాలి, పొగమంచులా చిమ్మాలి. ఆస్ట్రేలియాకు చెందిన ఆర్బిటల్ సంస్థ ఒత్తిడి గాలి సాయంతో దీన్ని సాధించింది. ఆ పరిజ్ఞానంతోనే 2007లో బజాజ్ మన దేశంలో టూ స్ట్రోక్ ఆటో తెచ్చింది. ఆస్ట్రియాకు చెందిన కేటీఎం 2018 మోడళ్లలో, మిశ్రమం పైకి పోయే దారిలోనే ఇంజెక్టర్లు పెట్టి గుట్టల్లో, బురదలో నడిపే పోటీ బండ్లు చేసింది. ఆయిల్‌కు వేరే పంపు, అన్నిటినీ లెక్క చూసే చిన్న కంప్యూటరు. వాటికి గిరాకీ ఉంది, ఎందుకంటే అక్కడ ఒక్క కిలో బరువు తగ్గినా లాభమే.

అంటే చేయగలిగే విద్య ఉంది. తేలనిది ప్రేమ సంగతి. దీనికి మన దగ్గరే ఒక పరీక్ష జరిగింది. జావా పేరు 2018లో, ఎజ్డీ పేరు 2022లో తిరిగొచ్చాయి, కానీ లోపల ఉన్నవి ఫోర్ స్ట్రోక్ ఇంజన్లు. చూడడానికి పాత అందమే. కొన్నవాళ్లున్నారు, మెచ్చుకున్నవాళ్లున్నారు. అయినా పాత ఎజ్డీ నడిపిన పెద్దమనుషులను అడిగితే ముందు చెప్పేది ఆ శబ్దం గురించే. పేరు, ట్యాంకు, రంగు తెచ్చినంత మాత్రాన వాళ్లు తృప్తి పడలేదని మాకనిపించింది. ఈ లెక్కన కొత్త టూ స్ట్రోక్ వస్తే సౌండు దొరుకుతుంది, తేలిక బరువు దొరుకుతుంది, కిక్కు కొట్టగానే ఎగిరే గుణం దొరుకుతుంది. మోజుగాళ్లలో సగం మందికి అది చాలు.

మిగతా సగం ఒప్పుకోరు. వాళ్లు ప్రేమించింది వేగాన్ని మాత్రమే కాదు, ఇంజను వాళ్లకు లొంగడాన్ని. నాలుగు స్పానర్లతో హెడ్డు విప్పి, మసి గీకి, రింగులు మార్చి, మధ్యాహ్నానికి బండి రోడ్డెక్కించవచ్చు. మన హాస్టల్లో చదివి ఐటీఐ చేసి షెడ్డు పెట్టుకున్న అన్నలు కొందరు ఈ పనితోనే చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశారు. ఇంజెక్టరు, సెన్సారు, కంప్యూటరు చేరాక తప్పు ఎక్కడుందో చెప్పేది చెవి కాదు, స్కానర్. ఆ స్కానర్ కొనగలిగినవాడే మెకానిక్. షెడ్డు అన్నలకు కొత్త టూ స్ట్రోక్ వచ్చినా ఒకటే, కొత్త ఫోర్ స్ట్రోక్ వచ్చినా ఒకటే.

ఇక అవసరానికి కొన్నవాళ్లు? కల్లు కుండల అన్నకు టూ స్ట్రోక్ మీద ప్రేమ లేదు, బరువు మోసే బండి మీద ప్రేమ. ఫోర్ స్ట్రోక్ ఎక్సెల్ తక్కువ పెట్రోలుతో మోస్తే దాన్నే కొన్నాడు, వెనక్కి తిరిగి చూడలేదు. వెనక కూర్చున్న పిల్లలకు పొగ వాసన తప్పింది. ఇంజెక్షన్ టూ స్ట్రోక్‌ను ఆయనకు అమ్మాలంటే ధర తగ్గాలి, ఆ చిమ్మే పరికరమే ధర పెంచుతుంది. కాబట్టి కొత్త టూ స్ట్రోక్ వస్తే ఖరీదైన బండిగా, కొద్దిమంది కోసమే వస్తుందని మా అభిప్రాయం. పాలమూరు అంగట్లో అది కనిపించదు.

అందాకా పాత ఆర్‌ఎక్స్ కొంటామనే తమ్ముళ్లకు ఒక లెక్క. బాగు చేసిన బండికి లక్ష పైనే అడుగుతున్నారు. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు, ఆ తరువాత ఐదేసి ఏళ్లకు పొడిగించాలి. 1996లో రిజిస్టరైన ఏపీ 24 (నల్లగొండ) లేదా ఏపీ 22 (మహబూబ్‌నగర్) బండికి 2011, 2016, 2021లో పొడిగింపులు జరిగి ఉండాలి, 2026లో మళ్లీ చేయించాలి. ఆర్‌సీ చూడకుండా, ఇంజను నంబరు, చాసిస్ నంబరు సరిచూడకుండా బయానా ఇవ్వకండి. ఇంట్లో చెల్లె ఫీజు బాకీ ఉంటే ముందు అది కట్టండి, బండి ఎక్కడికీ పోదు.

చదివింది కళ్లతో చూడాలనుకునేవారికి: మా దగ్గర ఒక పాత మోపెడ్ ఇంజను ఉంది. వార్షికోత్సవం తరువాత వచ్చే ఆదివారం ఉదయం టిఫిన్ అయ్యాక హాస్టలు వరండాలో విప్పుతాం. ఎనిమిదో తరగతి పైవాళ్లు, పక్క బాలికల హాస్టలు చెల్లెళ్లు కూడా రావచ్చు. పాత చొక్కా వేసుకొని రండి, మసి అంటుతుంది.