వంటయింటికొక పుస్తకపీఠము

వేదాధ్యయనము చేయువారు గ్రంథమును వ్యాసపీఠముపై నుంతురు. ముసల్మానుల యిండ్లలో ఖురానునకు రేహలు గలదు. మన యారాధన మందిరములలో బైబిలునకు ప్రత్యేకమైన పీఠము గలదు. కాని ఆవకాయకు వలయు ఉప్పు, కారము, ఆవపిండి పాళ్లు వ్రాసియుంచిన అమ్మ చేతివ్రాత పుస్తకమునకు మాత్రము చోటు లేదు. అది తడిసిన గట్టుమీద, కారపు డబ్బా ప్రక్కను పడియుండును. తడి తగిలినచోట సిరా చెదరును. ఉప్పు పాలు తగ్గినచో ఊరగాయ బూజుపట్టి, ఏడాది కాధారమైన జాడి పాడగును. ఊరగాయ మరల పెట్టుకొనవచ్చును; వ్రాసిన చేయి లేనినాడు ఆ పుటను మరల వ్రాయుట యెవరి తరము? కావున విద్యార్థులారా, సెలవులలో నొక చిన్న పీఠము చేయుడు.

ఒకే పలకను మందమున చీల్చి, మేకు లేకుండ మడతబందు చెక్కి వ్యాసపీఠమును చేయుట నిపుణుని పని. ఇచ్చట చెప్పునది అంతకంటె సులభమైనది.

కఱ్ఱ: టేకు శ్రేష్ఠము; తేమకు అంతగా ఉబ్బదు, కాని వెల యెక్కువ. వేప మన పల్లెలలో దొరకును. దానికి పురుగు త్వరగా పట్టదు. నల్లతుమ్మ బండిచక్రములకు తగినంత గట్టిది గాన, బాలుర రంపమునకు సులభముగా లొంగదు. ఏ కఱ్ఱయైనను బాగుగ ఎండినదై యుండవలెను. పచ్చికఱ్ఱ ఎండునప్పుడు వంగి పగులును.

కొలతలు: పలకలన్నియు అర అంగుళము మందము. వీపుపలక వెడల్పు 12 అంగుళములు, ఎత్తు 10. పుస్తకము నిలుచు పట్టె 12 పొడవు, 1½ వెడల్పు. పుటలను ఆపు అడ్డుపట్టె 12 పొడవు, 1 వెడల్పు. కాళ్లకు 8½ పొడవు, 5 వెడల్పు గల పలక యొకటి. అంగుళ మనగా 2.54 సెంటీమీటర్లు.

చేయు విధము: కాళ్ల పలకను మూలనుండి మూలకు గీతగీసి కోయుడు, సమానమైన రెండు లంబకోణ త్రిభుజము లేర్పడును. పైథాగొరసు సిద్ధాంతమున కర్ణము 10 అంగుళములకు కొంచెము తక్కువ, వీపుపలకకు సరిపోవును. పలకలన్నిటిని చిత్రికపట్టుడు. అడ్డుపట్టెను నిలుచుపట్టె అంచునకు, అర అంగుళము పైకి వచ్చునట్లు బిగింపుడు. ఆ పట్టెను వీపుపలక అడుగంచునకు ఒక అంగుళము పైన, వెనుకనుండి మరమేకులతో బిగింపుడు. పిదప 5 అంగుళముల భుజము నేలనుండునట్లు, రెండు చివరలనుండి 2 అంగుళములు లోపలగా కాళ్లను బిగింపుడు. మరమేకులకు ముందుగ బరమాతో సన్నని రంధ్రములు చేయనిచో కఱ్ఱ చీలును.

ఇట్లు వీపుపలక ఇంచుమించు 60 డిగ్రీలు వాలును. పుస్తకపు బరువు కాళ్ల నడుమ పడును గాన పీఠము బోర్లపడదు.

గరుకు కాగితముతో రుద్ది, అవిసెనూనె రెండుమారులు పలుచగా పూసి ఆరనిండు. నూనెగుడ్డను ముద్దచేసి పడవేయరాదు. అది తనంతట వేడెక్కి అంటుకొనవచ్చును. ఆరుబయట పరచి ఆరవేయుడు. పీఠమును పొయ్యికి దూరముగ నుంచుడు.

పీఠము సిద్ధమైన నాడే అమ్మ ప్రక్కను కూర్చుండి, చెదరిన పుటలను ఆమె చెప్పుచుండగా తిరుగ వ్రాయుడు. నజరేతు వడ్రంగిశాలను తలచు మనకు చేతిపని తక్కువైనది కాదు. అమ్మ నోటిమాట వ్రాయుటయు తక్కువ చదువు కాదు.