అరచేతిలో పేరు: బడి మొదటి రోజుకు ఒక చిన్న పని

వాక్యభాగం: యెషయా 49:14-16

ఐర్లండ్‌లో ఆగస్టు చివర బడులు తెరుస్తారు. నాలుగైదేళ్ళ మన పిల్లలు జూనియర్ ఇన్‌ఫాంట్స్‌లో చేరతారు. ఇంట్లో తెలుగే విన్న బిడ్డకు అక్కడ ఇంగ్లీషు, ఐరిష్ రెండూ కొత్తే. అమ్మ మరచిపోతుందేమోనన్న భయం ఉన్నా చెప్పడం రాదు.

కావలసినవి: రెండు రంగుల కాగితాలు, పెన్సిల్, కత్తెర, జిగురు.

చేసే విధానం (ముందు రోజు సాయంత్రం):
1. ఒక కాగితం మీద మీ చేయి, ఇంకోదాని మీద బిడ్డ చేయి ఉంచి చుట్టూ గీయండి.
2. కత్తిరించి, చిన్న చేతిని పెద్ద అరచేతిలో అంటించండి.
3. చిన్న చేతి మీద బిడ్డ పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి, స్కూల్ బ్యాగులో పెట్టండి.

చెప్పవలసిన మాట: దేవుడు తనను మరచిపోయాడని సీయోను అనుకుంది. ఆయన మాత్రం ఆమెను తన అరచేతుల మీదే చెక్కుకున్నానన్నాడు. "తరగతిలో యేసయ్య నీతో ఉంటాడు. బడి వదిలేసరికి నేను గేటు దగ్గర ఉంటాను" అని చెప్పండి. డ్యూటీ ఉంటే ఎవరు వస్తారో ముందే చెప్పండి. చెప్పిన మాట తప్పకండి. మీ మాట నిలబడితేనే బిడ్డకు దేవుని మాట నమ్మడం సులువవుతుంది.

ప్రార్థన: యేసయ్యా, నీ చేతిలో మా బిడ్డను కాపాడు. ఆమేన్.