స్లాబ్ పడకముందే

దిల్‌సుఖ్‌నగర్

బిడ్డా,

పై అంతస్తుకు సెంట్రింగ్ కొట్టడం మొదలైందని మీ అమ్మ చెప్పింది. సంతోషం. ఇనుము కట్టడం అయ్యాక, కాంక్రీటు పోసేలోపు కరెంటు పైపులు పరుస్తారు కదా, ఆ కొద్ది సమయం కోసమే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫ్యాన్ బాక్సులెక్కడ, లైటు పాయింట్లెక్కడ అని మీ ఎలక్ట్రీషియన్ అడుగుతాడు. పొగ అలారాలు ఎక్కడ పెట్టాలని అడగడు. హయత్‌నగర్‌లో సొంతిల్లు కట్టుకునేవాళ్లు వాటిని పెట్టించుకోవడం అరుదు, అందుకే అతనికి ఆ ఆలోచన రాదు. నువ్వే చెప్పి చేయించాలి.

చట్టం కూడా నిన్ను అడగదు. మన రాష్ట్రంలో నివాస భవనం ఎత్తు 18 మీటర్లకు చేరితేనే అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ కావాలి. కింద పార్కింగ్, పైన రెండంతస్తులు వేసుకునే ఇల్లు ఆ లెక్కలోకి రాదు. అదే స్కాట్లండ్‌లో 2022 ఫిబ్రవరి నుంచి కొత్తిల్లయినా పాతిల్లయినా అలారాలు ఒకదానితో ఒకటి కలిసి ఉండి తీరాలి. ఎక్కువగా కూర్చునే గదిలో ఒకటి, ప్రతి అంతస్తు నడవలో ఒకటి, వంటింట్లో వేడిని పసిగట్టేది ఒకటి. 2017లో లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ కాలి 72 మంది చనిపోయాక వాళ్లు ఆ చట్టం తెచ్చుకున్నారు. మన ఊళ్లోనూ జరగరానివి జరిగాయి. 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో రూబీ హోటల్ ప్రమాదం నీకు గుర్తుండే ఉంటుంది. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంట పుట్టింది. మెట్ల దారిన పొగ పైకెక్కింది, గదుల్లో బస చేసినవాళ్లు చిక్కుకుపోయారు, 8 మంది పోయారు. 2025 మే 18 ఉదయం గుల్జార్ హౌజ్ దగ్గర మంటలు లేచి ఒక్క ఇంట్లోనే 17 మంది పోయారు. సెలవులకని వచ్చిన పిల్లలు కూడా అందులో ఉన్నారు. వాళ్లలో ఎక్కువమందిని చంపింది పొగే.

నిద్రలో ఉన్న మనిషిని పొగ వాసన లేపుతుందని చాలామంది నమ్మకం. లేపదు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనే లేదు, అది ఇంకా మత్తులోకి లాగుతుంది. లేపగలిగేది చప్పుడు ఒక్కటే, అది మంచం దగ్గర వినపడాలి. కింద మెట్ల దగ్గర ఒక అలారం కూసినా, పైన తలుపు మూసుకుని ఏసీ వేసుకుని పడుకున్నవాళ్లకు చేరదు. అందుకే కలిపినవి కావాలంటున్నాను. ఎక్కడ ఒకటి పసిగట్టినా ఇల్లంతా ఒకేసారి మోగుతుంది. ఇంకో మాట. ప్లానులో స్కూటర్ చార్జింగ్ పాయింట్ మెట్ల కింద గీశారు. దాన్ని గేటు పక్క గోడకు మార్పించు. బయటికి పోవడానికి ఉన్న ఒక్క దారి కింద బ్యాటరీ పెట్టుకోకూడదు.

ఇక వైరింగ్. అలారాలకు ఫేజు, న్యూట్రల్ కాక అన్నిటినీ కలిపే తీగ ఇంకొకటి ఉంటుంది. స్విచ్ బోర్డు నుంచి ఒక్కో అలారానికి విడిగా పైపు వేస్తే ఆ తీగ లాగడం కష్టమవుతుంది. ఒక అలారం బాక్సు నుంచి ఇంకో బాక్సుకు, అక్కడినుంచి మెట్ల పక్కగా పై అంతస్తుకు వరసగా పైపు పోవాలి. కాంక్రీటు పడ్డాక ఇది చేయాలంటే గోడలు కొట్టుకోవడమే. ఆ కలిపే తీగకు ఎరుపు, పసుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ వద్దు, తెలుపో బూడిదరంగో వాడమను. దాన్ని ఎర్త్‌కు కలపనే కూడదు.

అసలు చిక్కు మీటర్ల దగ్గర వస్తుంది. కింది పోర్షన్‌కు ఒక మీటరు, పైదానికి ఒకటి, బోరు మోటారుకూ మెట్ల లైట్లకూ కామన్‌గా ఒకటి పెట్టిస్తున్నారుగా. ఏ అంతస్తు అలారానికి ఆ అంతస్తు బోర్డు నుంచే కరెంటిద్దాం, పని సులువంటాడు ఎలక్ట్రీషియన్. ఒప్పుకోవద్దు. కలిపిన అలారాలన్నీ ఒకే సర్క్యూట్ మీద, ఒకే ఫేజు మీద ఉండాలి. లేకపోతే రేపు ఎవరైనా పై మీటరు మెయిన్ ఆపి, కరెంటు లేదనుకుని చెయ్యి పెడితే, కింది మీటరు నుంచి వచ్చి షాక్ కొడుతుంది. కామన్ మీటరు నుంచి, మెట్ల లైట్లున్న సర్క్యూట్ మీదే ఇప్పించు. విడిగా ఎంసీబీ పెడితే అది ట్రిప్ అయినా నెలల తరబడి ఎవరికీ తెలియదు. మెట్ల లైటు వెలగకపోతే ఆ సాయంత్రమే ఎవరో ఒకరు అరుస్తారు.

లోపల బ్యాటరీ ఉన్న రకమే కొను. షార్ట్ సర్క్యూట్‌తో అంటుకున్న ఇంట్లో ముందు పోయేది కరెంటే. అన్నీ ఒకే కంపెనీవి, ఒకే సిరీస్‌వి తీసుకో, వేరేవి ఒకదానితో ఒకటి కలవవు. నడవల్లో ఆప్టికల్ రకం మంచిది. వంటింట్లో మాత్రం పొగది వద్దు. ఎండుమిర్చి పోపు వేసినప్పుడల్లా ఇల్లంతా మోగితే వారం తిరక్కుండా దాన్ని పీకి అటక మీద పడేస్తారు. అక్కడ వేడికి మోగేది పెట్టించు. దేవుడి గది గుమ్మం ముందు కూడా వద్దు, సాంబ్రాణి పొగ ఉంటుంది.

బిగించేటప్పుడు దగ్గరుండు. గోడకూ లైటుకూ కనీసం 30 సెంటీమీటర్ల ఎడం ఉండాలి, ఫ్యాన్ గాలీ ఏసీ గాలీ సూటిగా తగలకూడదు. ఫాల్స్ సీలింగ్ వేయిస్తే ఉత్త జిప్సం బోర్డుకు స్క్రూ కొట్టనివ్వకు, కొన్నాళ్లకు ఊడి తీగల మీద వేలాడుతుంది. వెనకాల ప్లైవుడ్ ముక్క పెట్టించి దానికి బిగించమను. తీగలొచ్చే కన్నాన్ని సిలికాన్‌తో మూయించు. పైపులోంచి వచ్చే గాలి పొగను అలారంలోకి రానివ్వదు, ఈ సంగతి చాలామంది పట్టించుకోరు. బేస్‌కు లాక్ ఉంటే వేయించు, పిల్లలు తిప్పి ఊడదీయకుండా. టైల్స్ కోత, పెయింటింగ్ పూర్తయ్యేదాకా ప్లాస్టిక్ మూత తీయొద్దు. గృహప్రవేశానికి ముందు గుర్తుపెట్టుకుని తీయించు, మూత ఉన్నంతవరకు దానికి పొగ చేరదు.

అన్నీ అయ్యాక కింద ఒకదాని బటన్ నొక్కించి, నువ్వు పై పడకగదిలో తలుపేసుకుని ఫ్యాన్ తిప్పుకుని విను. తర్వాత మెట్ల లైట్ల ఎంసీబీ ఆపి, బ్యాటరీ మీద మోగుతాయో లేదో మళ్లీ నొక్కించి చూడు. నెలకోసారి ఇలా చూసుకో. 10 ఏళ్లకు మొత్తం అలారం మార్చాల్సిందే, ఆ తేదీ దాని మీదే ముద్రించి ఉంటుంది.

మెట్ల దగ్గర కొలాప్సబుల్ గేటుకు రాత్రి తాళం వేస్తారు కదా, దాని చెవి ప్రతి పోర్షన్‌లో తలుపు పక్క మేకుకు ఉండాలి. బీరువాలో కాదు. మోగగానే పిల్లల్ని తీసుకుని వంగి నడుస్తూ బయటపడాలి, వెనకాల తలుపులు మూసుకుంటూ రావాలి, రోడ్డు మీదికొచ్చాకే 101కు ఫోన్ చేయాలి, దేనికోసమూ మళ్లీ లోపలికి పోకూడదు. అద్దెకొచ్చేవాళ్లకు అగ్రిమెంటు రోజునే ఇదంతా చెప్పి, ఒకసారి మోగించి చూపించు. ఊడదీయొద్దని ఆ కాగితంలోనే రాయించుకో.

నీ బాబాయి