కొట్టేముందు చూసుకో

అమలాపురం



నువ్వు ఫోన్లో పంపిన పరీక్ష పేపరు మీ మామ్మ కళ్లజోడు పెట్టుకుని మరీ చూసి, "పిల్ల చేతిరాత చిక్కిపోయింది" అంది. రాతకేం గానీ, నాలుగు మార్కులు పోయాయని ఎంపీసీ మానేసి సీఈసీలో చేరతానన్నావట! చేరుదువుగాని, ముందు ఆ మార్కులు ఎక్కడ పోయాయో చూడు.

మొదటి లెక్క ప్రదేశం, అంటే ఎక్స్ చోట వేయదగ్గ సంఖ్యలు, కనుక్కోమంది. లవంలో ఎక్స్ మైనస్ 2 కి వర్గమూలం. హారంలో ఎక్స్ వర్గం మైనస్ 9. నువ్వు తిన్నగా హారం మీద పడి, 3, మైనస్ 3 తప్ప వాస్తవ సంఖ్యలన్నీ ప్రదేశమే అని రాసేశావు. ఎక్స్ చోట సున్నా వేసి చూడవే? వర్గమూలం కింద మైనస్ 2 వచ్చి కూర్చోదూ? లవం ప్రదేశం, హారం ప్రదేశం విడివిడిగా రాసుకుని ఛేదనం తీసుకో. అందులోంచి హారాన్ని సున్నా చేసేవాటిని తీసెయ్యి. ఇక్కడ 2, ఆ పైవన్నీ ఉంటాయి, ఒక్క 3 తప్ప. మైనస్ 3 గడప దగ్గరే ఆగిపోయింది, దాని ఊసే అక్కర్లేదు.

అంతకన్నా నన్ను బాధపెట్టింది తర్వాతి లెక్క. ఎక్స్ వర్గం మైనస్ 4 ని ఎక్స్ మైనస్ 2 తో భాగించాలి. కారణాంకాలు చేశావు, పైనా కిందా కొట్టేశావు, ఎక్స్ ప్లస్ 2 మిగిల్చి అన్ని సంఖ్యలూ పనికొస్తాయన్నావు. ఈ కొట్టివేత జబ్బు మన వంశంలోనే ఉంది కాబోలు. 

పీయూసీలో నేనూ సరిగ్గా ఇదే రాశాను. మా లెక్చరర్ బోర్డు దగ్గరికి పిలిచి ఎక్స్ ప్లస్ 2 గీత గీయించారు. వంకర లేకుండా వచ్చిందని నేను మురిసిపోతుంటే, ఆయన చూపుడు వేలు నాలుకకి తడి చేసుకుని, అడ్డంగా 2, నిలువుగా 4 దగ్గర గీతని చుక్కంత తుడిచి, "ఇదిరా నువ్వు మింగేసింది" అన్నారు. ఆ తడి ఆరేదాకా నల్లగా మెరుస్తూనే ఉంది. ఆ పూట మెస్సులో పులిహోర. నాకు ప్రాణం, అయినా గొంతు దిగలేదు. నీకక్కడ తిండి ఎలా ఉందమ్మా? పెరుగు మానకు.

ఎక్స్ చోట 2 వేస్తే ఆ హారం సున్నా. సున్నాతో భాగించబోయి తడబడ్డది మనమే కాదులే. 628 లో బ్రహ్మగుప్తుడు సున్నాని సున్నాతో భాగిస్తే సున్నాయే అన్నాడు. మహావీరాచార్యుడు సున్నాతో భాగిస్తే సంఖ్య మారదన్నాడు. ఆయన గణితసారసంగ్రహాన్నే మన పావులూరి మల్లన తెలుగు చేశాడు. అంతటివాళ్లు జవాబు చెప్పబోయి చిక్కుకున్నచోట, మీ పుస్తకం హారాన్ని సున్నా చేసే సంఖ్యని లోపలికే రానివ్వద్దంటోంది. నాకదే నచ్చింది.

ఇంకో టక్కరి లెక్కుంది. పైన ఎక్స్, కింద ఒకటి బై ఎక్స్. సర్దితే ఎక్స్ వర్గం. హారం ఎప్పుడూ సున్నా కాదు కనుక దేన్నీ తీయక్కర్లేదంటావు. సున్నా దగ్గర ఆ హారం అసలు ఉంటేగా! అందుకే కొట్టేముందే, సర్దేముందే ప్రదేశం మార్జిన్లో రాసుకో.

మామ్మ సున్నుండలు పంపుతోంది. డబ్బా మూతకి ఒక లెక్క అంటించాను. పైన 5 మైనస్ ఎక్స్ కి వర్గమూలం, కింద ఎక్స్ మైనస్ 1 కి లాగ్. మూడు చోట్ల చూడాలి, రెండు చూసి ఆగకు. జవాబు రాసి పంపు. సున్నుండలు మాత్రం అందాకా ఆగక్కర్లేదు, తినెయ్యి.

మీ తాతయ్య