సుంకం సున్నా అయినా సరిహద్దు సరిహద్దే

కామర్స్, అర్థశాస్త్రం చదువుతున్న మన విద్యార్థినీ విద్యార్థులకు తరచూ వచ్చే సందేహం ఒకటుంది. యూరోపియన్ యూనియన్‌ను వదిలిన తరువాత కూడా బ్రిటన్ సరుకుకు అక్కడ సుంకం లేదంటారు. మరి ఫ్యాక్టరీలకు వచ్చిన ఇబ్బంది ఏమిటి?

ముందుగా తేదీలు. 2016 జూన్ 23న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 51.9 శాతం మంది వైదొలగాలన్నారు. 2020 జనవరి 31న బ్రిటన్ బయటికి వచ్చింది. పాత నియమాలు ఆ ఏడాది చివరి వరకు సాగాయి. 2021 జనవరి 1 నుంచి కొత్త ఒప్పందం నడుస్తోంది.

ఇప్పుడు ఒక్క విడిభాగాన్ని చూద్దాం. ప్రజాభిప్రాయ సేకరణ నాటికి మినీ కారు క్రాంక్‌షాఫ్ట్‌ను ఫ్రాన్స్‌లో పోతపోసేవారు. అది సముద్రం దాటి ఇంగ్లాండులోని హామ్స్ హాల్ ఫ్యాక్టరీకి వచ్చేది. అక్కడ చెక్కి, రంధ్రాలు వేసి జర్మనీలోని మ్యూనిక్‌కు పంపేవారు. అక్కడ ఇంజనులో అమరి, కారులో బిగించడానికి ఆక్స్‌ఫర్డ్ చేరేది. ఇప్పటికి మూడుసార్లు సముద్రం దాటింది. కారు యూరప్‌లో అమ్ముడైతే నాలుగోసారి! ఫ్యాక్టరీలో నిల్వ పెట్టుకోకుండా, కావలసిన వేళకు సరుకు వచ్చేలా ఈ ఏర్పాటంతా నడిచేది. సరిహద్దులో ఎవరూ ఆపరన్న నమ్మకమే దానికి ఆధారం.

ఆ నమ్మకం సడలితే ఏమవుతుంది? 2019 మార్చి 29న బ్రిటన్ బయటికి వస్తుందని అనుకుని, ఆక్స్‌ఫర్డ్ ప్లాంటు తన వార్షిక మరమ్మతుల సెలవును వేసవి నుంచి ఏప్రిల్‌కు జరుపుకుంది. తీరా గడువు వాయిదా పడింది, సెలవు మాత్రం వాయిదా పడలేదు.

2017 జూలైలో జి.ఎస్.టి. రాకముందు హోసూరు, బెంగుళూరు మధ్య అత్తిబెలె చెక్‌పోస్టు దగ్గర లారీల వరుస చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. పన్ను ఎంత అన్నది ఒక ప్రశ్న. బండి ఎంతసేపు నిలబడింది అన్నది మరొకటి.

అసలు మెలిక 'మూలం' అనే నిబంధనలో ఉంది. సభ్యదేశంగా ఉన్నప్పుడు సరుకు ఒకసారి కూటమిలోకి వస్తే, అది ఎక్కడ పుట్టిందని ఎవరూ అడగరు. బయటికి వచ్చాక అడుగుతారు. బ్రిటన్‌లో తయారైన పెట్రోలు కారుకు సున్నా సుంకం వర్తించాలంటే, ఫ్యాక్టరీ ధరలో బయటి దేశాల విడిభాగాల విలువ 45 శాతం మించకూడదు. యూనియన్ దేశాల విడిభాగాలను బయటివిగా లెక్కించరు. పరిమితి దాటితే 10 శాతం సుంకం. దీన్ని రుజువు చేయడానికి విడిభాగాలు ఇచ్చినవారి నుంచి పత్రాలు సేకరించుకోవాలి. పెద్ద కంపెనీ ఇందుకు ఒక విభాగమే పెట్టుకుంటుంది. పదిమంది పనిచేసే వర్క్‌షాపుకు అదే కాగితాల పని భారం. సుంకం స్వల్పమైతే, పత్రాల గొడవ కన్నా అది కట్టేయడమే నయమనుకునేవారూ ఉన్నారు.

ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీలు ఎక్కువగా ఆసియా నుంచే వస్తాయి కనుక వాటికి కొంత సడలింపు ఇచ్చారు. 2024 నుంచి బిగించవలసిన ఆ నిబంధనను 2023 డిసెంబరులో ఇరుపక్షాలూ 2026 చివరి వరకు వాయిదా వేసుకున్నాయి.

పరీక్షలో మాత్రం తొందరపడవద్దు. బ్రిటన్‌లో కార్ల ఉత్పత్తి 2016లో 17 లక్షలు దాటింది, 2022లో సుమారు 7.75 లక్షలు. ఈ తగ్గుదలంతా బ్రెగ్జిట్ ఖాతాలో వ్రాస్తే మార్కులు పోతాయి. మధ్యలో కరోనా, చిప్‌ల కొరత ఉన్నాయి. 2021 జూలైలో మూతపడిన హోండా స్విండన్ ప్లాంటు విషయంలో ఆ కంపెనీ బ్రెగ్జిట్ కారణం కాదనే చెప్పింది.

చెన్నై, హోసూరు, పుణెలలోని ఆటో విడిభాగాల యూనిట్లలో ఉద్యోగం చూసుకునే మన పిల్లలు 'మూలం' లెక్క నేర్చుకోవడం అవసరం. 2025 జూలై 24న భారత్, బ్రిటన్ సంతకాలు చేసిన ఒప్పందంలోనూ ఇటువంటి నిబంధనలు ఉన్నాయి.

అభ్యాసం: బ్రిటన్‌లో తయారైన ఒక పెట్రోలు కారు ఫ్యాక్టరీ ధర 20,000 పౌండ్లు. అందులో జపాన్, చైనా విడిభాగాలు 9,000, జర్మనీ విడిభాగాలు 5,000. ఫ్రాన్స్‌లో అమ్మితే సుంకం పడుతుందా? జర్మనీ భాగాలు మాని, అదే ధరకు చైనావి వాడితే? జవాబులు లెక్కతో సహా వచ్చే సంచికలో.