ఇథనాలు కలిపిన పెట్రోలు - యంత్రరక్షణము

చెరకు మడ్డినుండియు, నూకలు, మొక్కజొన్నలనుండియు తీయబడు ఇథనాలును నూటికి 20 పాళ్లవరకు కలిపిన పెట్రోలు 2025 నాటికి దేశమున దాదాపు అంతటను అమ్మకమునకు వచ్చెను. లీటరు ఇథనాలునందలి వేడిశక్తి లీటరు పెట్రోలు శక్తిలో మూడింట రెండు వంతులే. కావున కారు లీటరునకు నడచు దూరము కొంత తగ్గును. అందులకై బంకువానిపై కల్తీ నింద మోపుట తగదు. బరువు లాగునపుడు యంత్రము టకటకమని కొట్టుకొనుట యీ మిశ్రమముతో తగ్గును గూడ.

అసలు ముప్పు నీటివలన. ఇథనాలు గాలిలోని తేమను పీల్చును. నీరు మితిమీరినచో దానితో గూడి పెట్రోలును విడిచి టాంకీ యడుగునకు దిగును. యంత్రమునకు మొదట అందునది ఆ యడుగు ద్రవమే. నిత్యము తిరుగు కారునకు ఈ భయము తక్కువ. నెలలతరబడి మూలనుండు పిచికారీ యంత్రమునకు, పాత మోటారు సైకిలునకు హెచ్చు. పైరు పని ముగియగనే, నిప్పునకు దూరముగా, టాంకీని కార్బురేటరును ఖాళీచేయవలెను. రబ్బరు గొట్టము ఉబ్బినను, పగిలినను వెంటనే మార్చవలెను.